ఏం లేని కాడ పెట్టిన వేలు

ప్రణీతా, బిడ్డా, ముందుగాల నీకే నమస్తే, తర్వాతనే మిగిలినోళ్లకు. ఆలస్యమైంది, మాఫ్ చెయ్యాలె. అందరచ్చి కుసున్నరు, శాలువ కప్పుడు గూడ అయిపోయినట్టున్నది. నేను కోరుట్లల దుకాణం షట్టర్ దింపి, మల్ల ఎత్తి, మల్ల దింపి బస్సెక్కేసరికి గింత పొద్దయింది. ఎందుకు ఎత్తిన, ఎందుకు దింపిన అనేది నడుమ చెప్త.

సభకు పెద్దగ కుసున్న దామోదర్ రావు సారుకు, పొద్దటిసంది వంటల కాడనే ఉన్న కౌసల్యమ్మకు, ఈ కంపెనీ నడుపుతున్న వాళ్ల కొడుకు విశ్వజిత్ బాబుకు, రేపటిసంది ప్రణీత కుర్చీల కుసునే సంపత్ తమ్మునికి, సిరిసిల్ల నుంచి అచ్చిన సాంచాల సేట్లకు, కోరుట్ల, జగిత్యాల దుకాణందార్లకు, ఇగ నా పక్క దుకాణం రాజలింగానికి, అదే, నన్ను బస్టాండ్ల ఇడిశిపెట్టి స్కూటర్ మీద నాకంటె ముందచ్చి ముందు వరుసల కుసున్న నా దోస్తుకు, అందరికి సలాం, నమస్కారం. (నవ్వులు)

నేను జానీమియా. తువ్వాలలు, లుంగీలు, చీరలు అమ్ముకునేటోన్ని. నాకు మాట్లాడుడంటే బేరం కాడికే. మైకు ముందట నిలవడితే నాలిక మడత వడ్తది, అందుకని గల్లా కాడ కూసొని ఫోన్లనే గబగబ టైప్ చేసుకొని అచ్చిన, చూసుకుంట చదువుత. ప్రణీత రేపు పుణె పోతున్నది, పెద్ద కంపెనీల నౌకరి. మస్తు సంతోషం. కానీ నేను ఈడికి దండ వేసి, భోజనం చేసి పోతందుకే రాలే. మొన్నొకనాడు ఈ పిల్ల నన్నొక మాట అడిగింది. "కాకా, నేను పోయేలోపల చెప్పుండ్రి. చిన్నమ్మ చెయ్యి ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" అప్పుడు చెప్త తియ్ అని తప్పించుకున్న. ఇయ్యాల చెప్పాలె. రేపటిసంది కొత్త యాప్ అస్తది, ఈ పిల్ల ఉండది, గిట్ల అడిగేటోళ్లు గూడ ఉండరు.

చిన్నమ్మ అంటే నా ఇంటామె, దిల్షాద్ బేగం. పోయినేడు వానకాలంల అల్లాకు ప్యారీ అయింది. ఆమె చెయ్యి ఇగో, ఈ టేబుల్ మీద పూలదండల పక్కకున్న పాత ఫోన్ల ఉన్నది.

(కుర్చీ జరిగిన చప్పుడు)

జరగకుండ్రి సారూ, కుర్చీ ఎనుకకు జరపకుండ్రి, మొదటికెళ్లి చెప్త. (నవ్వులు)

సాంచ బజార్ యాప్ మీ అందరికి ఎర్కే. సిరిసిల్ల సాంచాల మీద నేసిన మాల్‌ను మా అసొంటి చిన్న దుకాణపోళ్లు ఇంట్ల కూసొని ఫోన్ల చూసి ఆర్డర్ పెట్టుకునేది. కానీ ఆ యాప్ వెనుక ప్రణీత ఏం పని చేసిందో మీల సగం మందికి తెల్వది, నాకు గూడ తెల్వకుండె. యాప్ల ఏదన్న కొత్తది పెడ్తే పాతది చెడిపోయిందా మంచిగున్నదా చూడాలె గద. దినాం ఒక మనిషి కూసొని అన్ని బటన్లు నొక్కి చూసుడంటే అయ్యే పనేనా? అందుకని ఫోన్‌కే నేర్పుతరు. ఒక మనిషి ఆర్డర్ ఎట్ల పెడ్తడో ఒక్కపారి మొత్తం పట్టి పెట్టుకుంటరు. యాడ వేలు పెట్టిండు, ఎంతసేపు ఆగిండు, ఎటు జరిపిండు, అంతా. ఇగ దినాం పొద్దుగాల ఆ ఫోను దానంతటదే తెరుచుకుంటది, దానంతటదే నొక్కుకుంటది, ఒక ఉత్తుత్తి ఆర్డర్ పెట్టి, ఆఖరుదాక పోతే పచ్చ గుర్తు చూపిస్తది. వేలు కనవడది, నొక్కుడు కనవడ్తది. ఇది చెప్తే రాజలింగం ఏమన్నడో తెలుసా? "గది టెస్టింగ్ గాదుర జానీ, పూనకం." (నవ్వులు)

ఆ పట్టి పెట్టుకునుడు మా దుకాణంలనే అయింది. మా దగ్గర మాల్ ఆర్డర్ పెట్టేది దిల్షాదే. గిరాకి నాది, ఆర్డర్ ఆమెది. నేను పెడ్తే లుంగీలు అడిగిన కాడ దుప్పట్లు అస్తయి. ఈ పిల్ల ఒకనాడు లాప్టాప్ సంకల వెట్టుకొని విశ్వజిత్ బాబుతోని అచ్చింది. "చిన్నమ్మా, నేనున్ననని మర్చిపోయి, దినాం ఎట్ల పెడ్తరో గట్లనే పెట్టుండ్రి" అన్నది. దిల్షాద్ కొంగు సర్దుకొని, ఫోటో దిగేటట్టు కూసొని, ఫోన్ చేతిలకు తీసుకొని, తెర మీద కింది మూలకు, కుడిదిక్కు, ఏం లేని కాడ వేలు పెట్టింది. పెట్టి అట్లనే ఉంచింది. పెదవులు కదిలినయి.

విశ్వజిత్ బాబు అన్నడు, యాదికున్నదా బాబూ? "అమ్మా, ఆడ ఏం బటన్ లేదు."

"ఎర్కే" అన్నది ఆమె. "ఏం లేని కాడ్నే మొదలు పెట్టాలె బాబూ. ఉన్న కాడ పెడ్తే అది అప్పుడే పని అయితది, బిస్మిల్లా అయితదా?"

అల్లా పేరు తలుసుకొని మొదలువెట్టుడు, ఆమెకు ప్రతిదానికి గంతే. తాను కోసే ముందు గుడ్డ మీద ఒక వేలు, షట్టర్ ఎత్తే ముందు ఇనుము మీద ఒక వేలు, పెండ్లయిన కొత్తల నా భుజం మీద గూడ పెట్టి చూసేది, పొద్దుగాల నన్ను లేపే ముందు. ఫోన్‌కైనా అదే అలవాటు. ఆఫీసుకు పోయినంక విశ్వజిత్ బాబు ఆ వట్టి నొక్కుడు తీసెయ్యమన్నడంట, దండగ అని. ప్రణీత తీయలే. "సార్, నిజం మనుషులు ఇట్లనే ఉంటరు, ఉండనీయుండ్రి" అన్నదంట.

అప్పుడే ఆఫీసోళ్లకు ఒక పాత ఫోన్ కావాల్సి అచ్చింది, పాత ఫోన్ల మీద యాప్ నడుస్తదా లేదా చూస్తందుకు. దిల్షాద్ అప్పటికే కొత్తది తీసుకున్నది. మూలకు పగిలిన పాతది, సిమ్ముతోని సహా, ప్రణీత చేతిల పెట్టింది. ఓటీపీ ఆ నంబర్‌కే అస్తది గనుక సిమ్ అండ్లనే ఉన్నది, రీచార్జ్ ఆఫీసోళ్లే చేసుకుంట అచ్చిండ్రు. ఈ సిమ్ము ముచ్చట నాకు చెప్పలే, చెప్పేంత పెద్ద ముచ్చట గాదు గద. పాత ఫోన్ ఎవలకో ఇచ్చిందని తెలుసు, గంతే.

ఆ తర్వాత వాన పడ్డది, జ్వరమచ్చింది, మనిషి పోయింది. అంతకంటె దాని గురించి చెప్ప. మయ్యత్ నాడు ప్రణీత బస్సెక్కి అచ్చింది, తలమీద చున్నీ కప్పుకొని గుమ్మం కాడ నిలవడ్డది. ఆమెను పండవెట్టిన డోలా లేపుతుంటే నా దగ్గరికచ్చి మెల్లగ అడిగింది, "కాకా, నేను గూడ మట్టి ఇయ్యొచ్చా?" మా దాంట్ల మనిషిని గోరీల పండవెట్టినంక అచ్చినోళ్లందరు మూడు పిడికిళ్ల మట్టి ఇస్తరు, కానీ ఆడోళ్లు ఖబ్రస్తాన్‌కు రారు. "లేదు బిడ్డా" అన్న. గుమ్మం కాడ్నే నిలవడి చూసింది, మేం గల్లీ మూల తిరిగేదాకా.

ఇగ అసలు ముచ్చట.

చలి మొదలైనప్పుడు ఒకనాడు పొద్దుగాల షట్టర్ ఎత్తి, ఊదుబత్తి ముట్టించి, ఇంక గల్లా మీద కుసోలే, ఫోన్ మోగింది. తీసి చూస్తే తెర మీద 'దిల్షాద్'. ఆమె పాత నంబర్. నేనెప్పుడు తీసెయ్యలే, మీరు తీసేస్తరా?

ఎత్తిన. అవుతల ఎవలు మాట్లాడలే. సప్పుడు లేకుండ లేదు, గాలి లెక్క ఉన్నది, ఎవలో పక్కకు కూసొని ఊపిరి తీసుకుంటున్నట్టు. ఇప్పుడు ఎర్కే, గది ఆఫీసుల ఫ్యాన్. అప్పుడు ఊపిరే అనుకున్న. తర్వాత కట్టయింది. మల్ల నేను చేస్తే రింగ్ పోతున్నది, ఎవలెత్తుతలేరు. ఇప్పుడు ఎర్కే, టెస్టింగ్ ఫోన్‌ను సైలెంట్ల పెడ్తరంట. అప్పుడు ఎట్లుంటదో మీరే అనుకోండ్రి. తెల్లారి మల్ల అదే యాల్లకు మోగింది. ఆ తెల్లారి గూడ.

నేను ఎవలకు చెప్పలే. నాకు బుగులు గాలే, సారూ. గదే నాకు ఇప్పుడు బుగులు. దినాం కొద్దిగ ముందుగాల పోయి దుకాణం తెరుసుడు మొదలువెట్టిన, ఫోన్ అచ్చే యాల్లకు ఊదుబత్తి ముట్టి ఉండాలె అని. మొదటి రెండు మూడు పొద్దులు హలో హలో అన్న. తర్వాత మాట్లాడుడు శురూ చేసిన. "తువ్వాలలు అయిపోయినయి. నీలం లుంగీలు పోతలేవు, నువ్వన్నట్టే అయింది." గిట్లాంటియి. కట్టయ్యేదాక చెప్పుకుంట ఉండేది.

ఒకనాడు రాజలింగం వాళ్ల దుకాణం మెట్లు కడుక్కుంట ఇన్నడు.

"ఎవలతోనిర జానీ, పొద్దుగాల పొద్దుగాల గంత మెల్లగ?"

"ఇంటామెతోని."

"ఏ ఇంటామె?"

"నాకు ఎందరున్నరు లింగం?"

చేతిల చెంబు మోరీల వడ్డది. (నవ్వులు) ఫోన్ చూపించుమన్నడు, చూపించిన. పేరు చూసిండు, చెవికి పెట్టుకున్నడు, ఇన్నడు, నా చేతిల పెట్టి పోయిండు. తెల్లారి వాళ్ల షట్టర్‌కు నిమ్మకాయలు, ఎండు మిరపకాయలు కట్టి ఉన్నయి. నాకు తెచ్చినవా అంటే, "నీకెందుకుర, నీకు తెలిసినామె. నాకు" అన్నడు. (నవ్వులు, సప్పట్లు)

నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఇది ఇన్నంక నవ్వరు.

సంక్రాంతి సెలవులల్ల ఒకనాడు ఫోన్ ఎత్తేసరికి ఊపిరి లేదు. సాంచాల సప్పుడున్నది. ఖట్ ఖట్ ఖట్, ఒకటి గాదు, గల్లీ మొత్తం నడుస్తున్నట్టు. దిల్షాద్ పుట్టి పెరిగింది సిరిసిల్లల, వాళ్ల నాయిన సాంచ నడిపినోడు. పెండ్లయిన కొత్తల తల్లిగారింటికి పోయి ఫోన్ చేస్తే ఎనుక గదే సప్పుడు ఉండేది, మాట సగమే ఇనవడేది, నేను "అవుతలికి అచ్చి మాట్లాడు" అని అరుస్తుంటి. ఆనాడు గూడ నోట్లకెళ్లి అదే మాట అచ్చింది. "అవుతలికి రా దిల్షాద్, ఇనవడ్తలేదు." అన్నంక సమజైంది నేనేమన్ననో.

దుకాణం అట్లనే మూసి, వేములవాడ మీదికెళ్లి సిరిసిల్ల పోయిన. వాళ్ల తల్లిగారి గల్లీల నిలవడ్డ. ఆ ఇల్లు అమ్మిండ్రు, ఇప్పుడు ఆడ సెల్‌ఫోన్ రిపేర్ దుకాణం. ప్రతి గల్లీల సాంచాలే, ప్రతి గోడ ఎనుక అదే సప్పుడు. ఎవలనని అడుగుత? ఏమని అడుగుత? ఒక ముసలాయిన నూలు చుట్టిన బీము మోసుకుంట పోతూ "ఎవలు కావాలె కాకా?" అన్నడు. ఎవలు వద్దని చెప్పి బస్సెక్కిన.

అటెన్క కొన్నొద్దులకు ఈ ఆఫీసుకు రావల్సి అచ్చింది. నేను పెట్టిన ఆర్డర్ల ఎప్పటిలెక్కనే లుంగీలకు దుప్పట్లచ్చినయి, మార్పిచ్చుకుందామని. పొద్దుగాలనే చేరిన. ప్రణీత లేశి "కాకా, చాయ్ తాగుతరా" అన్నది. ఆమె ఎనుక గోడకు ఒక చెక్క, దాని మీద ఫోన్లు వరుసగ నిలవెట్టి ఉన్నయి. అండ్ల ఒకటి మూలకు పగిలింది.

ఆ పగులు నాకు ఎర్కే. అది మా దుకాణం మెట్ల మీద పడ్డ పగులు.

చూస్తుండంగనే తెర వెలిగింది. ఎవలు ముట్టలే. కింది మూలకు, కుడిదిక్కు, ఒక చిన్న తెల్లటి సున్న అచ్చింది, వేలు పెట్టిన కాడ అస్తదే, అది. అచ్చి, ఆగింది. అంతే, నా జేబుల ఫోన్ మోగింది.



నేను తీసిన. 'దిల్షాద్'. నా ఎదురుంగనే ఆ తెర మీద తువ్వాలలు కిందికి జరుగుతున్నయి. ఆమె జరిపినట్టే, రెండు పార్లు కిందికి, ఒకపారి మీదికి. చీరల కాడికి పోయింది. ఒక చిలకపచ్చ చీర తెరిచింది, పెద్దగ చేసింది, ఆగింది, కొనకుండ ఎనుకకు అచ్చింది. ప్రణీత చేతిల చాయ్ గ్లాసు అట్లనే ఉన్నది. "కాకా" అన్నది, "మీ ఫోన్ ఎందుకు మోగుతున్నది?"

నేను ఆమెకు తెర చూపిచ్చిన. ఆ పిల్ల గ్లాసు పక్కకు పెట్టి, నా ఫోన్ చేతిలకు తీసుకొని ఆ పేరు మల్ల మల్ల చదివింది.

జరిగింది గింతే. చలికాలంల యాప్‌ను కొద్దిగ మార్చిండ్రు. ఆర్డర్ పెట్టెటోళ్లకు అనుమానమస్తే దుకాణం మాలికును అడుగుతందుకు ఒక బటన్ కొత్తగ పెట్టిండ్రు, 'మాలికుకు ఫోన్' అని. జాగ యాడ ఖాళీగున్నదో చూసి పెట్టిండ్రు. కింది మూలకు, కుడిదిక్కు. దిల్షాద్ బిస్మిల్లా అన్న కాడ. ఫోన్ పోతనే ఉంటది, ఎనుక ఆర్డర్ నడుస్తనే ఉంటది, ఆర్డర్ ఆఖరుదాక పోయింది గనుక దినాం పచ్చ గుర్తే అచ్చింది, ఎవలకు అనుమానం రాలే. సెలవులల్ల ఆఫీసు మూసిండ్రని ప్రణీత ఆ ఫోన్‌ను సిరిసిల్లల వాళ్లింటికి తీసుకపోయింది. వాళ్లింటి కింద సాంచాలు. అన్నిటికి లెక్క దొరికింది. ఒక్కటి తప్ప. ఆ చిలకపచ్చ చీర కాడ ఎందుకు ఆగిందో ఎవల దగ్గర జవాబు లేదు, నా దగ్గర గూడ.

విశ్వజిత్ బాబు "సారీ అంకుల్, ఇప్పుడే తీసేస్త" అని కీబోర్డ్ మీద చెయ్యి పెట్టిండు. ప్రణీత ఆయన చెయ్యి ఆపింది. "అది బగ్ మనకు, సార్. కాకాకు ఏందో కాకానే చెప్పాలె." నేను అన్న, జర ఉండనీయుండ్రి అని. ఉండనిచ్చిండ్రు. దామోదర్ రావు సారూ, మీ కంపెనీ నా కోసం ఒక తప్పును పెంచి పోషించింది, షుక్రియా. (నవ్వులు)

ఎందుకైతుందో ఎర్కైనంక బంద్ చేస్తననుకుంటరు గద? చెయ్యలే. అంత ఎర్కై గూడ ఎత్తిన. ఎర్కై గూడ మాట్లాడిన. రంజాన్ అచ్చింది, పోయింది, ఎండలు ముదిరినయి, నేను మాట్లాడుతనే ఉన్న. కానీ ఒకటి మెల్లగ సమజైంది. దిల్షాద్ ఎండకాలంల తువ్వాలలు ఎక్కువ పెట్టేది, పెండ్లిళ్లప్పుడు చీరలు పెట్టేది, నాతోని కొట్లాట అయినరోజు ఏం పెట్టకపోయేది. ఈ చెయ్యికి ఎండ లేదు, వాన లేదు, పండుగ లేదు. దినాం అవే తువ్వాలలు. దినాం అదే చీర కాడ అంతేసేపు ఆగుడు. ఒక రెప్పపాటు ఎక్కువ గాదు, తక్కువ గాదు. నేను నవ్వుకుంట చెప్పినా, ఏడ్సుకుంట చెప్పినా అదే యాల్లకు కట్. బతికినోళ్ల చెయ్యి ఒక్కనాటి లెక్క ఇంకొకనాడు ఉండది. ఎన్నడు మారనిది ఏంది? ఆ చెయ్యే మారకుంటైంది అనుకుంటి, మారకుంటైంది నేను గూడ.

ఇయ్యాల పొద్దుగాల ఫోన్ రాలే. నా జవాబు ఇన్నంకనే నడుపుదామని ఈ పిల్ల ఆపి పెట్టిందట, నాకు అప్పుడు తెల్వది. నేను ఊదుబత్తి ముట్టించి కూసున్న. రాలే. షట్టర్ దింపిన. మోగిందేమో ఇనవడలేదేమో అని ఎత్తిన. మల్ల దింపిన. రోడ్డు మీద పోయెటోళ్లు చూస్తున్నరు. అప్పుడు నన్ను నేను చూసుకున్న. మనిషిని గాదు, ఆ చెక్క మీద ఫోన్ను చూసినట్టు చూసుకున్న. అదే యాల్లకు తెరుచుకునుడు, అదే కాడ ఆగుడు.

ఇగ టైప్ చేసింది అయిపోయింది, ఫోన్ జేబుల వెట్టుకుంటున్న. ఇప్పుడు చెప్పేది నోటికెళ్లి.

సంపత్ తమ్మీ, ఒక్కపారి నడుపు. అందరు చూడనీ. మైకు దగ్గరికి పెట్టకు, వద్దు.

(టేబుల్ మీద ఫోన్ వెలిగింది.)

అగో. కింది మూలకు. ఆగింది... ఇగో మోగుతున్నది, నా జేబుల. మోగనీయుండ్రి. ఇన్నొద్దులు నేనే ఎత్తిన, ఇయ్యాల ఎత్తను. రాజలింగం, ముందటికెళ్లి నా అంగి గుంజుతవేందిర, ఊకో. తువ్వాలలు... కిందికి, కిందికి, మీదికి. చీరలు... గది, గదే చిలకపచ్చ చీర. చూడుండ్రి, ఎట్ల ఆగుతదో. ఏమో, ఏమనుకున్నదో. ఎనుకకు అచ్చింది. ఆర్డర్ అయింది.

(ఫోన్ మోగుడు ఆగింది.)

పచ్చ గుర్తు. పాస్ అయింది.

ప్రణీతా, జవాబు ఇను బిడ్డా. తీసెయ్యి. కానీ సంపత్ తీయొద్దు, విశ్వజిత్ బాబు తీయొద్దు. ఆ చెయ్యిని పక్కకు కూసొని పట్టినదానివి నువ్వు. ఆనాడు గుమ్మం కాడ నిలవడి మట్టి ఇయ్యొచ్చా అని అడిగితే లేదన్న. ఇయ్యాల ఇయ్యి. ఈడ నిన్ను ఆపెటోళ్లు ఎవలు లేరు. రా.

(ప్రణీత లేచి టేబుల్ దగ్గరికి వచ్చింది.)

కండ్లు తుడుసుకో ముందు, తెర కనవడాలె గద.

...చూసిండ్రా? మీరు చూసిండ్రో లేదో, నేను చూసిన. లాప్టాప్ ముట్టే ముందు ఆ ఫోన్ తెర ఆర్పింది. నల్లగైన తెర మీద, కింది మూలకు, కుడిదిక్కు వేలు పెట్టి ఉంచింది. ఇప్పుడు ఆడ ఏం లేదు.

అగో, లాప్టాప్ల నొక్కి తీసేసింది. అయింది, గంతే. సప్పట్లు కొట్టకుండ్రి, జర ఆగుండ్రి.

దామోదర్ రావు సారుకు, కౌసల్యమ్మకు, ఓపికతోని ఇన్నోళ్లందరికి షుక్రియా. సంపత్ తమ్మీ, కొత్త టెస్టులు జాగ చూసి గాదు, బటన్ను పేరు పెట్టి ఎతుక్కుంటయట, మంచిదే. ఫోన్ నేను తీసుకపోత, సిమ్ నువ్వే ఉంచుకో. రాజలింగం, ఇయ్యాల నన్ను స్కూటర్ మీద తీసుకపో, రేపు పొద్దుగాల నేను దుకాణం ఆలస్యంగ తెరుస్త, నీ నిమ్మకాయలు ఇప్పెయ్యి. ఇగ నాకు సెలవియ్యుండ్రి.

బిడ్డా ప్రణీతా, పుణెల కొత్త ఫోన్ ముట్టినప్పుడు యాదికుంచుకో. కోరుట్ల మీదికెళ్లి పోయినప్పుడు దుకాణం ముందట బస్సు దిగు, ఆ చిలకపచ్చ చీర తెప్పిచ్చి పెడ్త, నీకు. మల్ల ఎప్పుడు కలుస్తం?